వెరాక్రిప్ట్: మౌంట్ చేయడం తేలికే, అన్‌మౌంట్ దగ్గరే జాగ్రత్త

తిరుపతిలో లాడ్జి కౌంటర్‌లో గానీ, ట్రావెల్స్ ఆఫీసులో గానీ, ఆడిటర్ దగ్గర గానీ సిస్టమ్ ఆన్ చేసి చూడండి. ఆధార్ స్కాన్‌లు, పాన్ కార్డులు, ఫారం 16లు, పాస్‌పోర్టు మొదటి పేజీలు అన్నీ డెస్క్‌టాప్ మీద ఒకే ఫోల్డర్‌లో గుట్టగా పడి ఉంటాయి. రిపేరుకు ఇచ్చిన సీపీయూతో, ఎక్కడో మరిచిపోయిన పెన్‌డ్రైవ్‌తో పాటు అవీ బయటికి పోతాయి. వాటిని తాళం వేసి దాచడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వెరాక్రిప్ట్. 2014లో ఆగిపోయిన ట్రూక్రిప్ట్ కోడ్ మీద కట్టిన ప్రోగ్రామ్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

తాళం వేసిన ఈ నిల్వను వెరాక్రిప్ట్ వాల్యూమ్ అంటుంది. పాస్‌వర్డ్ కొట్టి దాన్ని ఒక డ్రైవ్‌లా తెరవడం మౌంట్, తిరిగి మూయడం అన్‌మౌంట్. ఇన్‌స్టాల్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి, మౌంట్ చేసేదాకా అందరూ బాగానే చేస్తారు. డేటా పాడైనా, బయటపడినా ఎక్కువగా అన్‌మౌంట్ దగ్గరే జరుగుతుంది. మౌంట్ అయి ఉన్న వాల్యూమ్ అంటే తలుపు బార్లా తీసిన బీరువా. ఆ సిస్టమ్ ముందు ఎవరు కూర్చున్నా ఫైళ్లు కనిపిస్తాయి, వైరస్‌కూ కనిపిస్తాయి. ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనివాళ్లు చదవలేని రూపంలోకి డేటాను మార్చడం) కాపాడేది అన్‌మౌంట్ అయ్యాకే. అందుకే ఈ వ్యాసంలో మూసే పద్ధతికి ఎక్కువ చోటు ఇచ్చాం.

ముందు కంటైనర్

చిన్న ఆఫీసుకు మొత్తం డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడం కంటే కంటైనర్ ఫైల్ మేలు. చూడటానికి అది ఒక మామూలు పెద్ద ఫైల్. కాపీ చేసుకోవచ్చు, వేరే డిస్క్‌కు మార్చుకోవచ్చు. 'క్రియేట్ వాల్యూమ్' నొక్కి, మొదటి ఎంపిక 'ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ కంటైనర్', తర్వాత 'స్టాండర్డ్ వాల్యూమ్' తీసుకోండి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఫైల్ ఎక్కడ పెట్టాలో అడిగినప్పుడు, ఉన్న ఫైల్‌నే ఎంచుకుంటే దాన్ని ఎన్‌క్రిప్ట్ చేయదు, చెరిపేసి దాని స్థానంలో కొత్త కంటైనర్ సృష్టిస్తుంది. హెచ్చరిక వస్తుంది, చదవకుండా 'ఎస్' కొట్టేవాళ్లే ఎక్కువ. కొత్త పేరు టైప్ చేయండి.

డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే అల్గారిథం ఏఈఎస్, పాస్‌వర్డ్ నుంచి కీ తీయడానికి వాడే హాష్ ఎస్‌హెచ్‌ఏ-512 అని ముందే ఉంటాయి. మార్చాల్సిన అవసరం లేదు. మూడు అల్గారిథంలను కలిపి వాడితే భద్రత పెరుగుతుందని అనిపిస్తుంది గానీ, పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే అవేవీ ఆదుకోవు. పాత సిస్టమ్ నెమ్మదించడం మాత్రం ఖాయం.

సైజు దగ్గర కాస్త ఆలోచించాలి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 అనే పాత ఫైల్ సిస్టమ్‌లో (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ దాని మీద పట్టదు. ఖాళీ 28 జీబీ చూపిస్తున్నా 10 జీబీ కంటైనర్ ఎందుకు రావడం లేదంటే కారణం అదే. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌గా గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా గానీ ఫార్మాట్ చేసి మొదలుపెట్టండి. సమయం కూడా లెక్కలో పెట్టుకోండి. సెకనుకు 20 ఎంబీ రాసే మామూలు పెన్‌డ్రైవ్ మీద 20 జీబీ కంటైనర్ తయారవడానికి పావుగంట దాటుతుంది.

కంటైనర్ లోపలి ఫైల్ సిస్టమ్ మరో ప్రశ్న. విండోస్‌లోనే వాడేట్టయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి. ఎండాకాలంలో మన జిల్లాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద హఠాత్తుగా ఆగినప్పుడు ఎన్‌టీఎఫ్‌ఎస్ తన జర్నల్ (మార్పులను రాసిపెట్టుకునే చిట్టా) చూసుకుని తేరుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ సౌకర్యం లేదు. మ్యాక్‌లోనూ రాయాలి అంటేనే ఎక్స్‌ఫ్యాట్ తీసుకోండి. చివరి పేజీలో మౌస్‌ను కిటికీ లోపల అటూ ఇటూ తిప్పమంటుంది. కింది పట్టీ నిండేదాకా తిప్పండి, ఎన్‌క్రిప్షన్ కీలు తయారయ్యేది ఆ యాదృచ్ఛికత కలిపే.

పాస్‌వర్డ్ 20 అక్షరాలకు తగ్గకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం. దేవుడి పేరు పక్కన ఏపీ 03తో మొదలయ్యే పాత బండి నంబరు తగిలించడం తిరుపతిలో ఎవరైనా ముందు ప్రయత్నించే పాస్‌వర్డ్. 'పిమ్' అని అడిగే గడి ఖాళీగా వదిలేయండి. ఎస్‌హెచ్‌ఏ-512తో అలా వదిలితే విలువ 485, అంటే పాస్‌వర్డ్ నుంచి కీ తీయడానికి 5,00,000 సార్లు లెక్క తిప్పుతుంది. మీరే ఒక పిమ్ పెడితే అది పాస్‌వర్డ్‌తో సమానం, మరిచిపోతే వాల్యూమ్ తెరుచుకోదు.

మౌంట్ చేయడం

వెరాక్రిప్ట్ తెరిస్తే డ్రైవ్ అక్షరాల జాబితా కనిపిస్తుంది. ఒక అక్షరం ఎంచుకుని, 'సెలెక్ట్ ఫైల్'తో కంటైనర్‌ను చూపించి, 'మౌంట్' నొక్కి, పాస్‌వర్డ్ కొట్టాలి. కొన్ని సెకన్లలో 'దిస్ పీసీ'లో కొత్త డ్రైవ్ వస్తుంది. అంతే.

అక్షరం మాత్రం రోజూ ఒకటే పెట్టుకోండి, ఎక్స్ గానీ టీ గానీ. పెన్‌డ్రైవ్‌లు పెట్టేకొద్దీ విండోస్ ఈ, ఎఫ్, జీ తీసుకుంటుంది కాబట్టి వాటి జోలికి పోవద్దు. టాలీ డేటా ఫోల్డర్‌ను కంటైనర్ లోపల పెట్టే ఆడిట్ ఆఫీసుల్లో ఇది తప్పనిసరి. నిన్న ఎక్స్‌గా మౌంట్ చేసి ఇవాళ వైగా చేస్తే టాలీకి కంపెనీ కనిపించదు, డేటా పోయిందని కంగారు మొదలవుతుంది. మౌంట్ అయిన వాల్యూమ్ మీద రైట్ క్లిక్ చేసి ఫేవరిట్స్‌లో చేర్చితే తర్వాత నుంచి అదే అక్షరంతో వస్తుంది.

పాస్‌వర్డ్ కిటికీలో 'క్యాష్ పాస్‌వర్డ్స్' అన్న టిక్ తీసేయండి. అది ఉంటే అన్‌మౌంట్ చేశాక కూడా పాస్‌వర్డ్ మెమరీలో ఉంటుంది, తర్వాత వచ్చినవాళ్లు అడక్కుండానే తెరవగలరు. ముఖ్య కిటికీలో 'నెవర్ సేవ్ హిస్టరీ' టిక్ ఉండనివ్వండి.

చూడటానికే తెరుస్తున్నారా, మార్పులేమీ చేయరా? 'మౌంట్ ఆప్షన్స్'లో 'రీడ్ ఓన్లీ' పెట్టండి. పాత సంవత్సరాల రిటర్న్‌లు, కేసు ఫైళ్లు ఉన్న కంటైనర్‌కు ఇదే సరైన పద్ధతి. రాయడం జరగదు కాబట్టి కేబుల్ ఊడినా లోపలి ఫైళ్లు చెడవు.

పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది, తెరుచుకోవడం లేదు

వెరాక్రిప్ట్ ఇచ్చే సందేశం ఒకటే: పాస్‌వర్డ్ తప్పు, లేదా పిమ్ తప్పు, లేదా హాష్ తప్పు, లేదా ఇది వాల్యూమే కాదు. వీటిలో ఏదో అది చెప్పదు, చెప్పలేదు. బయటినుంచి చూస్తే కంటైనర్ మొత్తం అర్థం లేని బైట్లే.

మొదట కీబోర్డు చూడండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక వాడే సిస్టమ్‌లలో భాష తెలుగు మీదే ఉండిపోతుంది. టైప్ చేసేది చుక్కలుగా కనిపిస్తుంది కాబట్టి తెలియదు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కు మార్చి, 'డిస్‌ప్లే పాస్‌వర్డ్' టిక్ పెట్టి కళ్లతో చూసి కొట్టండి. తర్వాత క్యాప్స్ లాక్, నమ్ లాక్. ఆ తర్వాత పిమ్: పెట్టారేమో గుర్తుచేసుకోండి. కీఫైల్ (పాస్‌వర్డ్‌తో పాటు తాళపుచెవిగా వాడే ఏదైనా ఫైల్) పెట్టి ఉంటే ఆ ఫైల్ మారలేదు కదా? కీఫైల్‌లో మొదటి 1 ఎంబీ లెక్కలోకి వస్తుంది. ఆ భాగంలో ఒక్క బైటు మారినా పని అయిపోయినట్టే. ఫొటోను కీఫైల్‌గా పెట్టి దాన్ని వాట్సాప్‌లో పంపుకుంటే అవతలి చేతికి వచ్చేది కుదించిన వేరే ఫైల్.

ఇవేవీ కాకపోతే హెడర్, అంటే వాల్యూమ్ తల భాగం, పాడై ఉండొచ్చు. వాల్యూమ్ మొదట్లోని 128 కేబీలోనే తాళపుచెవుల సమాచారం ఉంటుంది, దాని నకలు వాల్యూమ్ చివర్లో ఉంటుంది. 'మౌంట్ ఆప్షన్స్'లో చివర ఉన్న బ్యాకప్ హెడర్ వాడమనే టిక్ పెట్టి ప్రయత్నించండి. తెరుచుకుంటే వెంటనే ఫైళ్లన్నీ బయటికి కాపీ చేసుకుని, ఆ తర్వాతే 'టూల్స్'లో 'రీస్టోర్ వాల్యూమ్ హెడర్' నడపండి.

పెన్‌డ్రైవ్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసినవాళ్లకు ఇంకో తంటా. గుచ్చగానే విండోస్ 'ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అంటుంది. దానికి లోపలిది అర్థం కాదు, అందుకే అలా అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టి వెరాక్రిప్ట్‌లో 'సెలెక్ట్ డివైస్'తో మౌంట్ చేయాలి. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు 'ఫార్మాట్' నొక్కేస్తే ముందు హెడర్ పోతుంది, చివర ఉన్న నకలు చాలాసార్లు మిగులుతుంది. దానితో తెరిచినా ఫార్మాట్ రాసిన చోట ఫైల్ సిస్టమ్ చెడి ఉంటుంది, రికవరీ ప్రోగ్రామ్ వాడక తప్పదు. పదిమంది చేతులు పడే చోట కంటైనర్ ఫైలే మేలనడానికి ఇదే పెద్ద కారణం.

అన్‌మౌంట్

కొత్త వెర్షన్లలో బటన్ పేరు 'అన్‌మౌంట్', పాతవాటిలో 'డిస్‌మౌంట్'. వరుస ఇలా ఉండాలి: ఫైళ్లు సేవ్ చేయండి, ఆ ప్రోగ్రామ్‌లు మూయండి, ఎక్స్ డ్రైవ్ చూపిస్తున్న ఫోల్డర్ కిటికీలు మూయండి, వెరాక్రిప్ట్‌లో అన్‌మౌంట్ నొక్కండి, జాబితాలో ఆ వరుస ఖాళీ అయిందో లేదో చూడండి. కంటైనర్ పెన్‌డ్రైవ్ మీద ఉంటే ఆ తర్వాత విండోస్ 'సేఫ్లీ రిమూవ్' చేసి, అప్పుడే లాగండి. రెండూ చేయాలి. మొదటిది లోపలి ఫైల్ సిస్టమ్‌ను మూస్తుంది, రెండోది పెన్‌డ్రైవ్ తన రాత పూర్తి చేసుకునేలా చూస్తుంది.

వెరాక్రిప్ట్ కిటికీని ఇంటూ గుర్తుతో మూస్తే వాల్యూమ్ మూసుకోదు. ప్రోగ్రామ్ గడియారం పక్కన చిన్న బొమ్మగా కూర్చుని ఉంటుంది, డ్రైవ్ అలాగే తెరిచి ఉంటుంది. కంటికి కిటికీ కనిపించడం లేదు కాబట్టి మూసేశాం అనుకుని ఇంటికి పోతారు.

'వాల్యూమ్‌లో ఫైళ్లు వాడుకలో ఉన్నాయి, బలవంతంగా అన్‌మౌంట్ చేయాలా?' అని అడిగితే 'నో' అనండి. ఎవరు పట్టుకున్నారో వెతకండి. మామూలుగా దొరికేవాళ్లు వీళ్లు: వెనక తెరిచి ఉన్న ఎక్సెల్, ఇంకా ప్రింట్ అవుతున్న పీడీఎఫ్, కంపెనీ మూయని టాలీ, ఫొటోల చిన్న బొమ్మలు చూపిస్తున్న ఎక్స్‌ప్లోరర్, ఆ డ్రైవ్ మీద నిలబడి ఉన్న కమాండ్ ప్రాంప్ట్, స్కాన్ మధ్యలో ఉన్న యాంటీవైరస్. తెలియకపోతే 'రిసోర్స్ మానిటర్' తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో 'అసోసియేటెడ్ హ్యాండిల్స్' గడిలో డ్రైవ్ అక్షరం, పక్కన కోలన్ కొట్టండి. పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు వచ్చేస్తుంది. బలవంతం చేస్తే ఏమవుతుందంటే, ఇంకా డిస్క్‌కు చేరని రాత గాలికి పోతుంది. టాలీ లాంటి డేటాబేస్ ఫైళ్లు సగం రాసి ఆగితే తర్వాత తిరిగి రాయించుకోవడం పెద్ద పని.

అలా జరిగాక తెరిచినప్పుడు ఫైళ్లు వింతగా ఉంటే, మౌంట్ చేసి, వెరాక్రిప్ట్ జాబితాలో ఆ వాల్యూమ్ మీద రైట్ క్లిక్ చేసి 'చెక్ ఫైల్ సిస్టమ్' నడపండి. తప్పులు చూపిస్తే ముందు కంటైనర్ ఫైల్‌ను అన్‌మౌంట్ చేసి వేరేచోట కాపీ పెట్టుకుని, తర్వాత 'రిపేర్'. రిపేర్ చేయడం అంటే విండోస్ తనకు తోచినట్టు సర్దడం, అది పనికొచ్చే ఫైల్‌ను కూడా తీసేయగలదు.

దానంతట అదే మూసుకునేలా

మనిషి మరిచిపోతాడు. బ్రహ్మోత్సవాల రోజుల్లో లాడ్జి కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే అన్‌మౌంట్ ఎవరికి గుర్తొస్తుంది? 'సెట్టింగ్స్', 'ప్రిఫరెన్సెస్' లోకి వెళ్లండి. లాగాఫ్ అయినప్పుడు, సెషన్ లాక్ అయినప్పుడు, స్క్రీన్ సేవర్ వచ్చినప్పుడు, పవర్ సేవింగ్‌లోకి వెళ్లినప్పుడు అన్నీ మూయాలా అని టిక్‌లు ఉంటాయి. ఇన్ని నిమిషాలు ఏమీ చదవకపోయినా రాయకపోయినా మూసేయాలని ఇంకో గడి ఉంటుంది.

వీటి పక్కనే, తెరిచిన ఫైళ్లున్నా బలవంతంగా మూయాలనే టిక్ ఒకటి ఉంటుంది. దీన్ని ఆలోచించి పెట్టాలి. ఎక్సెల్ రిజిస్టర్ తెరిచి ఉంచి, మధ్యలో సేవ్ చేయకపోతే వెరాక్రిప్ట్ దృష్టిలో చదవడం రాయడం జరగలేదు. నిమిషాలు దాటగానే కింద నుంచి డ్రైవ్ లాగేస్తుంది. కౌంటర్ సిస్టమ్‌కు మేం చెప్పేది: నిమిషాల గడి 15, లాగాఫ్, పవర్ సేవింగ్ టిక్‌లు ఆన్, బలవంతం ఆఫ్. ఫైల్ తెరిచి వదిలేస్తే ఆ రాత్రి మూసుకోకపోవచ్చు, కాబట్టి డ్యూటీ మారేటప్పుడు చేత్తో అన్‌మౌంట్ చేయాలని రాసి పెట్టండి. ఊళ్లు తిరిగే ల్యాప్‌టాప్‌కు లెక్క వేరు. అది పోయే అవకాశం ఎక్కువ, అక్కడ బలవంతం ఆన్ ఉండాలి. రేణిగుంట స్టేషన్‌లో బ్యాగు మాయమైతే రాయని ఒక పేరా పోవడం కంటే తెరిచి ఉన్న వాల్యూమ్ పోవడం ఖరీదైన వ్యవహారం.

'సెట్టింగ్స్'లోని హాట్ కీస్‌లో 'అన్నీ అన్‌మౌంట్' అనేదానికి ఒక కీల జత పెట్టుకోండి, కిటికీ తెరవకుండానే పని అవుతుంది.

స్లీప్‌లో పెట్టిన ల్యాప్‌టాప్‌లో మెమరీ బతికే ఉంటుంది, వాల్యూమ్ మౌంట్ అయి ఉంటే కీలు అందులో ఉంటాయి. హైబర్నేట్ ఇంకా చెడ్డది, మెమరీ మొత్తాన్ని డిస్క్ మీద ఫైల్‌గా రాస్తుంది. విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' ఆన్ ఉంటే షట్‌డౌన్ కూడా సగం హైబర్నేటే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్‌లు ఏం చేయాలో చెప్పే పేజీలో ఆ టిక్ తీసేయండి.

కంటైనర్ బయట మిగిలేవి

చాలామంది వదిలేసే చోటు ఇది. కస్టమర్ ఆధార్ వాట్సాప్‌లో పంపుతాడు, అది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుతుంది. అక్కడి నుంచి ఎక్స్ డ్రైవ్‌లోకి లాగితే కాపీ అవుతుంది, అసలుది డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంటుంది, ఎందుకంటే వేరే డ్రైవ్‌కు లాగడం అంటే విండోస్‌కు కాపీయే. కట్ చేసి పేస్ట్ చేయండి. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో సేవ్ అయ్యే చోటును నేరుగా ఎక్స్ డ్రైవ్‌కు మార్చండి. వర్డ్, ఎక్సెల్ ఆటోరికవర్ కాపీలు సీ డ్రైవ్‌లో పడతాయి. విండోస్ సెర్చ్ ఎక్స్ డ్రైవ్‌ను ఇండెక్స్ చేస్తే ఫైళ్లలోని మాటలు కూడా సీ డ్రైవ్‌లోకి చేరతాయి కాబట్టి ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో దాన్ని తీసేయండి.

ఇవన్నీ ఒక్కొక్కటిగా వెంటాడలేం. విండోస్ ప్రో ఉంటే సీ డ్రైవ్‌కు విండోస్‌లోనే ఉండే డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్ కూడా పెట్టి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద ప్రింట్ తీసి ఆఫీసు బయట ఎక్కడైనా దాచండి. బిట్‌లాకర్ ఎప్పుడైనా ఆ కీ అడిగితే, అది లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు.

నెట్ సెంటర్‌లో, జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టి వెరాక్రిప్ట్‌ను పోర్టబుల్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా, నడపొచ్చా అంటే, అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఉంటే నడుస్తుంది. కానీ నడపకండి. ఆ సిస్టమ్‌లో కీలాగర్ (టైప్ చేసిందంతా రహస్యంగా రాసుకునే ప్రోగ్రామ్) ఉంటే పాస్‌వర్డ్ అక్కడే పోతుంది. ప్రింట్ కావాల్సిన ఒక్క పీడీఎఫ్‌ను ఇంట్లోనే వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని వెళ్లండి.

బ్యాకప్

కంటైనర్‌ను ఎప్పుడూ అన్‌మౌంట్ చేశాకే కాపీ చేయండి. క్లౌడ్‌లో పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. లోపల ఎంత రాసినా కంటైనర్ ఫైల్ తేదీని వెరాక్రిప్ట్ మామూలుగా మార్చదు, పాత తేదీనే తిరిగి పెడుతుంది. దాంతో సింక్ ప్రోగ్రామ్ 'మారలేదు' అనుకుని పైకి పంపదు. నెలల తర్వాత చూస్తే క్లౌడ్‌లో పాతదే ఉంటుంది. ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ తేదీని కాపాడే టిక్ తీసేస్తే సరిపోతుంది. ఒకే కంటైనర్‌ను రెండు సిస్టమ్‌లలో ఒకేసారి రాయడానికి మౌంట్ చేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

హెడర్‌ను 'టూల్స్'లోని 'బ్యాకప్ వాల్యూమ్ హెడర్'తో వేరే ఫైల్‌గా తీసి దాచండి. అయితే పాస్‌వర్డ్ మార్చాక పాత హెడర్ బ్యాకప్ పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. ఫైళ్లను నిజంగా ఎన్‌క్రిప్ట్ చేసే మాస్టర్ కీ మారదు. ఉద్యోగం మానేసిన వ్యక్తి దగ్గర పాత పాస్‌వర్డ్, పాత హెడర్ రెండూ ఉండే అవకాశం ఉంటే, పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకుండా కొత్త కంటైనర్ చేసి ఫైళ్లు అందులోకి మార్చండి.

లినక్స్‌లో

యూనివర్సిటీ విద్యార్థులు ఉబుంటులో తెరిచేటప్పుడు వాల్యూమ్ పాస్‌వర్డ్‌తో పాటు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కూడా అడుగుతుంది. రెండూ ఒకటి కావు, ఏది అడుగుతోందో చదివి కొట్టండి. అన్‌మౌంట్ అప్పుడు 'బిజీ' అంటే టెర్మినల్ ఆ ఫోల్డర్‌లోనే నిలబడి ఉందేమో చూడండి, బయటికి రాగానే మూసుకుంటుంది. విండోస్‌లో సరిగ్గా మూయని ఎన్‌టీఎఫ్‌ఎస్ కంటైనర్ ఇక్కడ చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు, లేదా అసలు తెరుచుకోకపోవచ్చు. విండోస్‌కు తీసుకెళ్లి ఒకసారి తెరిచి, శుభ్రంగా మూసి తెస్తే సరిపోతుంది.

ట్రూక్రిప్ట్ కాలం నాటి కంటైనర్లు ఇంకా ఉన్నవాళ్లు అప్‌డేట్ కొట్టే ముందు ఆగండి. 1.26 వరుస నుంచి వెరాక్రిప్ట్ వాటిని తెరవదు. 1.25.9 వెర్షన్‌లో 'ట్రూక్రిప్ట్ మోడ్' టిక్ పెట్టి మౌంట్ చేసి, పక్కనే కొత్త వెరాక్రిప్ట్ కంటైనర్ తెరిచి, ఫైళ్లు అందులోకి కాపీ చేసుకుని, రెండిట్లోనూ ఫైళ్ల సంఖ్య సరిపోయిందని చూశాక రెండూ అన్‌మౌంట్ చేసి, అప్పుడు కొత్త వెర్షన్ వేసుకోండి.